నాలుగు కాడలు చాలు

కూరగాయల బజారులో ఉల్లికాడలు కట్టగానే అమ్ముతారు. కోడిగుడ్ల పొరటులోకి నాలుగు కాడలు చాలు. పప్పులోకి గుప్పెడు ఆకు చాలు. చేతికి వచ్చేది మాత్రం కట్టే. అమ్మే ఆమెను అనడానికి లేదు. కట్ట విప్పి నాలుగేసి కాడలు లెక్కపెట్టి ఇస్తూ కూర్చుంటే ఆమెకు పూట గడవదు. ఆ కట్ట ఇంటికి వచ్చిన రోజు నిగనిగలాడుతుంది, మర్నాటికి కొనలు పండుతాయి, ఆ తర్వాత ఫ్రిజ్ అడుగు అరలో సంచికి అంటుకుపోయి జిగురు కడుతుంది. దాన్ని పారేసేటప్పుడు వచ్చే వాసన ఎరగని వంటిల్లు ఉండదేమో. కొత్తిమీరదీ పుదీనాదీ కూడా ఇదే వరస.

ఉల్లికాడలు ఇంట్లో పెంచుకోమని చెప్పేవాళ్ళు తాజాదనం గురించి చెబుతారు, మందు కొట్టని ఆకు గురించి చెబుతారు. రెండూ నిజమే. నాకు వాటికన్నా పెద్దదిగా కనిపించే మేలు మరొకటి ఉంది. అది కావలసినంతే తెంపుకొనే వీలు. నాలుగు కాడలు కావాలంటే నాలుగే తెంపుతాం. మిగిలినవి వేరు మీద ఉంటాయి. వాడవు, కుళ్ళవు, రేపటికి ఇంకాస్త పెరుగుతాయి. అవసరం చూసుకుని చెయ్యి చాపడం మన పెద్దవాళ్ళ చేతికి అలవాటుగా ఉండేది. అన్నీ కట్టల్లోనూ పొట్లాల్లోనూ వస్తున్న ఈ రోజుల్లో ఆ అలవాటు మన చేతుల్లోంచి జారిపోయింది. ఒక కుండీలో నాటిన ఉల్లి దాన్ని తిరిగి నేర్పగలదని నా నమ్మకం.

మొలక వచ్చిన ఉల్లిపాయను ఒకసారి నిలువునా కోసి చూడండి. బయటి రెండు మూడు పొరలు నీరు తగ్గి మెత్తబడి ఉంటాయి. లోపల సరిగ్గా నడిమధ్యన, మొదట లేత పసుపుగా, పైకి పోయేకొద్దీ లేత ఆకుపచ్చగా ఒకటో రెండో మూడో మొలకలు నిక్కి ఉంటాయి. అడుగున, వేళ్ళు పుట్టే చోట, గట్టిగా ఒక చిన్న పీట ఉంటుంది. ఉల్లిపాయ తరగబోయే ముందు మనం కోసి అవతల పడేసే ముక్క అదే. మొక్కకు అసలు కాండం ఆ పీటే. మిగిలిందంతా ఆకు. ఆకుల అడుగుభాగాలు ఉబ్బి, ఒకదాన్నొకటి చుట్టుకుని గడ్డయ్యాయి. వాటి పైభాగాలు పొడవుగా సాగి కాడలయ్యాయి. కొత్త ఆకు పుట్టే మొగ్గ ఆ పీట మీద, మట్టికి దగ్గరగా, పొరల మధ్య భద్రంగా ఉంటుంది. అందుకే పైన ఎంత కోసినా ఉల్లి వెంటనే చావదు.

కాడను కూడా దగ్గరగా చూడాలి. పొద్దున్నే బొటనవేలితో దాని మీద రాస్తే బూడిదరంగు మైనం చెరిగిపోయి, కిందినుంచి ముదురు పచ్చ బయటపడుతుంది. ఆ మైనం వల్లే నీటి చుక్క దాని మీద నిలవకుండా జారిపోతుంది. విరిస్తే లోపల బోలు, గోడ వెంట పలచటి జిగురు నీరు. వీటన్నిటికన్నా నన్ను ఆపి నిలబెట్టేది కొత్త ఆకు వచ్చే తీరు. అది పాత ఆకు పక్కన విడిగా మొలవదు. పాత ఆకు మొదట్లో, బోలు మొదలయ్యే చోట, సన్నటి రంధ్రం ఉంటుంది. కొత్త ఆకు అందులోంచి సూదిమొనతో తల బయట పెడుతుంది. ప్రతి ఆకూ తన ముందరి ఆకు లోపలినుంచే దారి చేసుకుని వస్తుందన్నమాట. బయటిది ముదిరింది, లోపలిది లేతది, ఆ లోపల ఇంకా కంటికి కనపడనిది ఒకటి సిద్ధంగా ఉంది. ఏది తెంపాలో ఏది వదలాలో ఉల్లి వరస పెట్టి చూపిస్తుంది.

గడ్డ ఆ మొక్క దాచుకున్న సొమ్ము, ఆకు దాని రోజువారీ సంపాదన. దాచుకున్నది నిలవ ఉంటుంది కనుక దాని చుట్టూ పెద్ద వ్యాపారం పుట్టింది. బాగా ఆరబెట్టిన యాసంగి ఉల్లి నాలుగైదు నెలలు చెడదు. నాసిక్ జిల్లా ఉల్లి లారీలెక్కి వచ్చి హైదరాబాదు మలక్‌పేటలో దిగుతుంది. కర్నూలు పంట తాడేపల్లిగూడెం మార్కెట్టు చేరుతుంది. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి ఓడెక్కి మలేసియా, సింగపూర్ వెళుతుంది. 1998లో ఢిల్లీ శాసనసభ ఎన్నికల ప్రచారమంతా ఉల్లి ధర చుట్టూ తిరిగింది. 2019 సెప్టెంబరులో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి కేంద్రం ఉల్లి ఎగుమతులను ఆపేసింది. 2025లో కర్నూలులో ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. ఈ కథలో ఎక్కడా ఉల్లికాడ కనిపించదు. అది నిలవ ఉండదు, ఓడ ఎక్కదు. గోదాములో దాచి ధర పెంచడం ఎవరి తరమూ కాదు.

వ్యాపారానికి మొలక అంటే నష్టం. మొలకెత్తిన గడ్డ బరువు తగ్గుతుంది, బేరం పోతుంది. నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో ఉల్లికి గామా కిరణాలు తగిలించి మొలకను ఆపే కేంద్రమే ఒకటి ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం సాంకేతిక విజ్ఞానంతో ఈ శతాబ్దం మొదట్లో దాన్ని నెలకొల్పారు. కొద్దిపాటి కిరణాలు సోకితే చాలు, గడ్డ లోపలి మొగ్గలో కణాలు విభజన చెందడం మానేస్తాయి. లక్షల టన్నులు నిలవ చేయాల్సిన దేశానికి ఇలాంటివి అవసరమే. నా కుండీ వల్ల కర్నూలు రైతుకు వచ్చేదీ పోయేదీ లేదు. గడ్డలు మనమందరం కొనుక్కోవలసిందే, పండించినవాడికి గిట్టుబాటు కావలసిందే. కాకపోతే గోదాముకు దండుగైన మొలక ఇంటికి పంట కాగలదు. ఈ తేడా మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు.

మా అమ్మది పశ్చిమ గోదావరి. ఆమె కార్తీకమంతా ఉల్లి ముట్టదు. ఆ నెల బుట్టలో గడ్డలు కదలకుండా పడి ఉంటాయి. బయట చలి మొదలవుతుంది. ఎండ మండినంత కాలం నిద్రపోయే గడ్డ, పది నుంచి ఇరవై డిగ్రీల చలిలో మేలుకుంటుంది. దీపాల నెల సగమయ్యేసరికి బుట్టలో పచ్చటి ముక్కులు తొంగిచూసేవి. అమ్మ వాటిని ఏరి, పెరట్లో నీళ్ళ గోలెం పక్కన ఎండ పడే గట్టు మీద గుచ్చేది. పోలిపాడ్యమి నాడు తెల్లవారుజామున కాలవలో దీపాలు వదిలి వచ్చేసరికి ఆ గట్టు మీద జానెడు కాడలు నిలబడి ఉండేవి. నియమం ముగిశాక మా ఇంట్లో వండే మొదటి ఉల్లి అదే. తినకుండా ఆగిన నెలలోనే తరవాతి నెలకు కావలసినది తయారయ్యేది. ఉపవాసాలకూ నియమాలకూ పెద్దలు ఎన్నో కారణాలు చెప్పారు. నాకు మాత్రం ఆ గట్టు మీది పచ్చదనమే వాటన్నిటికన్నా నమ్మదగ్గ కారణంగా కనిపిస్తుంది. కొంతకాలం చెయ్యి ఆపితే వస్తువు తనంతట తాను ఇంకొక రూపంలో ఎదిగి మన దగ్గరికి వస్తుంది.

చాలామంది మొలక వచ్చిన ఉల్లిపాయ తినకూడదనుకుని చెత్తలో వేస్తారు. మొలకెత్తి పచ్చబడిన బంగాళాదుంప విషయంలో ఆ భయం న్యాయమే, అందులో ఒంటికి పడని పదార్థాలు పెరుగుతాయి. ఉల్లికి అలాంటిది లేదు. బూజు పట్టకుండా, కుళ్ళకుండా ఉంటే మొలకా తినవచ్చు, గడ్డా తినవచ్చు. అయితే గడ్డ తియ్యదనం తగ్గి పీచుబారుతుంది, ఎందుకంటే దాచుకున్నదంతా మొలక కోసం ఖర్చుపెడుతోంది. దాన్ని తినేకన్నా నాటడమే మంచిది.

ఇప్పుడు మాకు పెరడు లేదు, హైదరాబాదులో మిద్దె ఉంది. మిద్దె మీద కూరగాయలు పండించే ఇళ్ళు ఈ పదేళ్ళలో బాగా పెరిగాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ళు తాము చేసి చూపించి, రాసి, మిద్దెతోట అనే మాటను ఇంటింటికీ చేర్చారు. మిద్దెతోట మొదలుపెట్టే వాళ్ళకు నేను ముందు చెప్పేది ఉల్లినే. దానికి పెద్ద తొట్టి అక్కర్లేదు. వేళ్ళు పైపైనే పాకుతాయి కనుక ఆరంగుళాల లోతు మట్టి చాలు. పగిలిన బకెట్టు, పాత టబ్బు, అడుగున చిల్లు పెట్టిన నూనె డబ్బా, ఏదైనా పనికొస్తుంది. ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, గుప్పెడు వేపపిండి చల్లుకోవాలి. మొలక వచ్చిన గడ్డను మూడొంతులు మట్టిలో ఉంచి, మెడ పైకి కనపడేలా నాటాలి. పూర్తిగా పూడిస్తే మెడ దగ్గర తడి చేరి కుళ్ళుతుంది. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. నీళ్ళు కొంచెం కొంచెంగా, తరచుగా పోయాలి, నిలవ ఉండకూడదు. రెండు మూడు వారాలకల్లా మొదటి కోత వస్తుంది.

విత్తనంతో మొదలుపెడితే నారు ఎదగడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఓపిక ఉన్నవాళ్ళకు అదీ మంచి దారే, సన్నటి లేత కాడలు వస్తాయి. అసలు గడ్డ కట్టకుండా దుబ్బులుగా పిలకలు వేసే ఉల్లి జాతి వేరే ఉంది. జపాన్, చైనా వంటల్లో వాడేది ఎక్కువగా ఆ జాతినే. మన దేశంలో ఆ జాతిలోంచి పూసా సౌమ్య అనే రకాన్ని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసింది. ఒక దుబ్బు దొరికితే విడదీసి నాటుకోవచ్చు. అయినా మొదటిసారికి వంటింటి బుట్టకన్నా మంచి నర్సరీ లేదు.

కష్టాలు లేకపోలేదు. ఆకుల మీద వెండిరంగు చారలు కనిపిస్తే తామర పురుగులు చేరినట్టు. కంటికి ఆనీ ఆననంత చిన్నవి, ఆకు మొదట్లో మడతల్లో దాక్కుని రసం పీలుస్తాయి. నీటి ధారతో ఆకులు కడిగి, లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లితే అదుపులో ఉంటాయి. ఊదారంగు మచ్చలు పడితే ఆ ఆకు తీసేసి, నీళ్ళు ఆకు మీద కాకుండా మొదట్లో పోయాలి. వేసవి ముదిరితే హైదరాబాదు ఎండకు మిద్దె మీది తొట్టి కాలిపోతుంది. కాడ సన్నబడి కొనలు మాడుతాయి. పైగా పగలు పొడవయ్యేకొద్దీ ఉల్లి స్వభావమే మారుతుంది. కొత్త ఆకులు వేయడం తగ్గించి గడ్డ కట్టే పనిలో పడుతుంది. కాబట్టి మనకు కాడల కాలం దసరా నుంచి హోళీ వరకు. తర్వాత తొట్టికి విశ్రాంతి ఇచ్చి, మట్టిని ఎండబెట్టి, మళ్ళీ ఎరువు కలిపి పెట్టుకోవడం మేలు. ఏడాది పొడుగునా అన్నీ దొరకాలన్న పట్టుదల బజారుది. తోటకు ఋతువు ఉంది.

కోత గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్న సంగతంతా అక్కడే ఉంది. కొత్తవాళ్ళు కత్తెర తీసుకుని మొక్కనంతా మట్టికి సమానంగా కోసేస్తారు. మా అత్తమ్మ జగిత్యాల వైపు మనిషి. మా మిద్దె మీద మొదటి తొట్టి పచ్చబడిన రోజున ఆమె పక్కన నిలబడి చెప్పిన మాట ఇది: "బయటి ఆకు తెంపు బిడ్డా, నడిమిది ముట్టకు. నడిమిది రేపటిది." ఒక్కో మొక్క నుంచి బయటి ఆకులు ఒకటి రెండు తీసుకుని, లోపలివి వదిలేస్తే మొక్కకు తెలియనట్టే ఉంటుంది. ఎక్కువ కావలసి మొత్తం కోయక తప్పకపోతే రెండంగుళాలు మిగిల్చి కోయాలి. అప్పుడు మొగ్గకు దెబ్బ తగలదు, నాలుగు రోజుల్లో కోసిన చోటి నడుమ నుంచి కొత్త ఆకు పైకి లేస్తుంది.

ఇక్కడ ఒక భ్రమ తొలగించుకోవాలి. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఉల్లి వేళ్ళు ముంచి పెడితే జీవితాంతం కాడలు వస్తూనే ఉంటాయని కొందరు చెబుతున్నారు. మొదటి కోత నిజంగానే బాగుంటుంది. రెండోది సన్నబడుతుంది. మూడోదానికి వాసన కూడా మిగలదు. నీళ్ళలో మొక్కకు ఆహారం లేదు. అది తన గడ్డలో దాచుకున్నదే కరగదీసి మనకు ఆకుగా ఇస్తోంది. మట్టిలో నాటినా మనం ఆగకుండా కోస్తే జరిగేది ఇదే. ఆకు ఎండలో నాలుగు రోజులు పనిచేస్తేనే మొక్క సంపాదిస్తుంది. సంపాదించే వ్యవధి ఇవ్వకుండా కోస్తే దాచుకున్నదంతా ఖర్చయిపోయి ఒక రోజు తొట్టిలో ఎండిన తొక్క మిగులుతుంది. అందుకే నాలుగైదు కుండీలు పెట్టుకుని ఒక్కోసారి ఒక్కోదాని నుంచి తీసుకోవాలి. కోసిన ప్రతిసారీ గుప్పెడు వర్మికంపోస్టో, బియ్యం కడిగిన నీళ్ళో ఇవ్వాలి. ప్రకృతి ఎంత తీసుకున్నా తరగనిదన్న మాట ఉల్లి కుండీ ముందు నిలవదు. కొంచెం తీసుకుని కొంచెం ఆగినంత కాలమే అది తరగదు.

ఈ పద్ధతి వంటింట్లోనూ మార్పు తెస్తుంది. కట్ట కొంటే ముందు కట్ట ఉంటుంది, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలన్న ఆలోచన తర్వాత వస్తుంది. కుండీ ఉంటే ముందు వంట నిర్ణయమవుతుంది, తర్వాత ఆకు తెగుతుంది. మా అమ్మ పొయ్యి మీద బాణలి పెట్టి, "నూనె కాగేలోపు కోసుకురావే" అని పెరట్లోకి పంపేది. తెంపిన క్షణం నుంచే ఆకు ఘాటు తగ్గుతూ వస్తుంది కనుక ఆ తొందరకు అర్థం ఉంది. కణాలు తెగినప్పుడే ఉల్లిలోని గంధక పదార్థాలు ఎంజైముతో కలిసి ఆ ఘాటునూ వాసననూ పుట్టిస్తాయి. అంతవరకూ రెండూ వేరువేరు గదుల్లో ఉంటాయి. అంటే ఉల్లి వాసన మొక్కలో సిద్ధంగా ఉండేది కాదు, కత్తి తగిలాక పుట్టేది. పుట్టిన కాసేపటికే చెదిరిపోతుంది కూడా. ఆ కొద్దిపాటి వ్యవధిని బాణలిలోకి చేర్చడమే మంచి వంట.

కాడలో రెండు భాగాలను రెండు రకాలుగా చూడాలి. అడుగున తెల్లగా ఉన్నది గడ్డ స్వభావం గలది, దానికి నూనెలో వేగే ఓపిక ఉంది. పైన పచ్చగా ఉన్నదానికి ఆ ఓపిక లేదు. తెలుపు తాలింపులోకి, పచ్చ చివరికి. పుల్లటిది తగిలినా, మూతపెట్టి ఎక్కువసేపు మగ్గించినా ఆకుపచ్చ చెడి బురదరంగు వస్తుంది. అందుకే టమాటా, చింతపండు వేసే కూరల్లో కాడల పచ్చభాగం దించే ముందు వేయడం మంచిది. ఒంటికి మేలు చేసే గుణాల్లోనూ ఆకుకు తన వాటా ఉంది. గడ్డలో దాదాపు లేని విటమిన్ కె కాడలో పుష్కలంగా ఉంటుంది, సి విటమిన్ కూడా గడ్డలో కన్నా ఎక్కువే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

మా రెండు వైపుల వంటల్లో రెండు నాకు ప్రాణం. గోదావరి వైపుది రొయ్యపొట్టుతో. రొయ్యపొట్టును పొడి బాణలిలో వేయించి, చెరిగి, ఇసుక పోయేలా కడిగి పెట్టుకుంటారు. నూనెలో పచ్చిమిర్చి, కాడల తెలుపు, అల్లంవెల్లుల్లి ముద్ద వేగాక రొయ్యపొట్టు వేసి, పసుపు, కారం, కొద్ది నీళ్ళతో ఉడికించి, నీరు ఇగిరే దశలో పచ్చ కాడలు దోసెడు పోసి రెండు నిమిషాల్లో దించేస్తారు. ఎండు రొయ్య వాసనకు ఎదురు నిలవగల ఆకు ఉల్లికాడే. వేడి అన్నంలో కలుపుకుంటే పక్కన ఇంకేమీ అడగరు.

తెలంగాణ వైపుది సర్వపిండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వెల్లుల్లి నూరిన ముద్ద, కరివేపాకు, దానితోపాటు సన్నగా తరిగిన ఉల్లాకు. అత్తమ్మ గంజు లోపల నూనె రాసి, పిండిముద్దను గోడల వరకూ పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి ఒక్కోదాంట్లో నూనె చుక్క వేస్తుంది. మూతపెట్టి సన్న సెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా కాలి, గిన్నె ఆకారంలో ఊడి వస్తుంది. రెండోది అద్దే ముందు కాలుతున్న గంజును అడుగువైపు నీళ్ళు పోసి చల్లార్చుకోవాలి, లేకపోతే పిండి చేతికే అంటుకుంటుంది. అందులో ఉల్లాకు చేసే పని ఘాటు ఇవ్వడమొక్కటే అనుకోకండి. పిండిలో అది విడిచే తడి వల్లే సర్వపిండి పైన కరకరలాడుతూ లోపల గట్టిపడకుండా ఉంటుంది. "ఉల్లాకు లేకుంటే రొట్టె అంటరు గని సర్వపిండి అనరు" అని అత్తమ్మ తీర్పు.

వీటి మధ్య రోజువారీ వంటలున్నాయి. శనగపిండి చల్లి చేసే పొడికూర అందులో సులువైనది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి వేగాక కాడలు వేసి రెండు తిప్పులు తిప్పి, శనగపిండి చల్లి, అంచుల వెంట నూనె వదిలి, సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే కాడలు నీరు వదిలి కూర ముద్దయిపోతుంది. పెసరపప్పు పలుకుగా ఉడికించి కాడలు కలిపి చేస్తే ఎండాకాలం ముందు తినదగ్గ చలవ కూర. కోడిగుడ్ల పొరటు సంగతి చెప్పనక్కర్లేదు. బజారు వీధిలో ఫ్రైడ్ రైస్ బండివాడు పైన చల్లే పచ్చ తునకలు కూడా ఇవే. ఒక మొక్క ఇన్ని వంటల్లోకి వచ్చినా, ప్రతిదానికీ దాని కొలత వేరు. రొయ్యపొట్టుకు దోసెడు, సర్వపిండికి గుప్పెడు, పొరటుకు నాలుగు కాడలు. వంటే కొలత చెబుతుంది, చెయ్యి ఆ మేరకే తెంపుతుంది.

మొలక వచ్చిన గడ్డను మళ్ళీ నాటడం మన అమ్మల ఉపాయం మాత్రమే కాదు. స్పెయిన్‌లోని కతలోనియా ప్రాంతంలో వాల్స్ అనే ఊరు దీనికి ప్రసిద్ధి. అక్కడ ఒక ఏడు పండిన తెల్ల ఉల్లిగడ్డలను మళ్ళీ నేలలో పెట్టి, మొలకలు ఎదిగేకొద్దీ మొదళ్ళకు మట్టి ఎగదోస్తారు. వెలుగు తగలక కాడలు తెల్లగా, పొడవుగా, తియ్యగా తయారవుతాయి. శీతకాలం చివర వాటిని ద్రాక్ష కొమ్మల మంట మీద నల్లగా కాల్చి, పైపొర ఒలిచి, బాదం పప్పుతో నూరిన పచ్చడిలో ముంచుకుని ఆరుబయట అందరూ కలిసి తింటారు. వాటిని కాల్‌సోట్ అంటారు. నిలవ చేయలేని పంటకు అక్కడివాళ్ళు పండగ చేశారు. నిలవ చేయలేనిదాన్ని పదిమందీ కలిసి ఆ కాలంలోనే తినాలన్న తెలివి అది.

ఒకటి రెండు మొక్కలను కోయకుండా చివరిదాకా వదిలేయమని కూడా నేను చెబుతాను. గడ్డ నాటిన మొక్క చలి తగిలాక పువ్వు కాడ వేస్తుంది. అది ఆకులా ఉండదు, నడుమ ఉబ్బి గట్టిగా నిటారుగా లేస్తుంది, కొనన పలచటి పొరలో చుట్టిన మొగ్గ. పొర చిట్లితే వందల చిన్న తెల్ల నక్షత్రాల గుత్తి. తేనెటీగలు వెతుక్కుంటూ మిద్దె ఎక్కివస్తాయి. గుత్తి ఎండాక నల్లటి కోణాల విత్తనాలు రాలతాయి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే మొలకశక్తి బాగా తగ్గిపోతుంది కనుక దాచుకుని లాభం లేదు. ఆ ఏడే నాటుకోవాలి, మిగిలినవి పక్కింటికి ఇవ్వాలి. ఆకుకు నిలవ లేదు, విత్తనానికీ పెద్దగా లేదు. ఉల్లి మనల్ని దాచనివ్వదు, పంచుకోమంటుంది.

"ఇరవై రూపాయల కట్ట కోసం ఇంత శ్రమా" అని అడిగేవాళ్ళున్నారు. డబ్బు లెక్కలో వాళ్ళ మాట కాదనలేను. మట్టి, ఎరువు, నీళ్ళు, మెట్లెక్కి దిగే కాళ్ళు, అన్నీ లెక్క వేస్తే ఆదా ఏమీ ఉండదు. మిద్దె మీద నాలుగు తొట్లు ఒక కుటుంబానికి తిండి పెట్టవు కూడా. మనకు తిండి పెట్టేది పొలంలో రైతే. కానీ ఇంట్లో ఒక మొక్క ఉండి, రోజూ దాని నుంచి కాస్త తీసుకుంటూ, అది కోలుకునే దాకా ఆగడం అలవాటైన మనిషి బజారులో కూడా వేరే రకంగా నిలబడుతుంది. ఈ పూటకు ఎంత కావాలి, మిగిలింది ఏం చేస్తాం అని ముందే అడుగుతుంది. అన్నం పారేయడానికి ఆమెకు చేతులు రావు. నీళ్ళు, కరెంటు, చెరువులో మట్టి, ఏరులో ఇసుక, వేటి విషయంలోనైనా మనకు ఇవాళ లోపించింది ఈ అలవాటే. దాన్ని ఉపన్యాసంతో నేర్పలేం. చేతితో తెంపే పని ఒకటి కావాలి.

మీ వంటింట్లో ఎక్కడో మొలక వచ్చిన ఉల్లిపాయ ఒకటి ఉండే ఉంటుంది. చెత్తబుట్టలో వేయకుండా ఒక డబ్బాలో మట్టి పోసి నాటండి. ఎండ తగిలే కిటికీలో పెట్టినా సరిపోతుంది. కాడలు వచ్చాక పిల్లల చేత తెంపించండి. ఎలా తెంపాలో చెప్పండి, ఎక్కడ ఆపాలో కూడా తప్పకుండా చెప్పండి.